గేమ్ జామ్ సోర్స్ బయట పెట్టడం: కోడ్ నుంచి ఫాంట్ దాకా

గేమ్ జామ్ (తక్కువ గడువులో ఆట చేసే పోటీ) కోసం చేసిన ఆట రెపోను (కోడ్, ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర ఉండే చోటు) పబ్లిక్ చేయడమంటే అందులో ఉన్న ప్రతి ఫైల్‌నీ ఊరందరికీ పంచిపెట్టడమే. మీరు రాసిన స్క్రిప్టులతో పాటు ఎక్కడో ఉచితంగా దొరికిన టైల్‌సెట్ (నేల, గోడల బొమ్మ ముక్కలు), విండోస్ ఫోల్డర్‌లోంచి లాగిన తెలుగు ఫాంట్, మిత్రుడు రాత్రి రెండింటికి పంపిన బీజీఎం, మొన్ననే తీసేశాం అనుకున్న పాస్‌వర్డ్, అన్నీ కలిసే వెళ్తాయి. ఆటలో వాడుకోవచ్చన్న ఫైల్‌ని విడిగా పంచవచ్చని ఎవరూ మాట ఇవ్వలేదు. జామ్ సోర్స్ తలనొప్పుల్లో చాలావరకు ఈ తేడా దగ్గరే పుడతాయి. అందుకే ఇక్కడ గిట్ (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) ఆదేశాల కన్నా ఫైళ్ల లెక్కకే ఎక్కువ చోటు ఇచ్చాం.

గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో చేసిన ఆట, రెపోలు పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో సోర్స్, ఆటలు పంచే ఇచ్ డాట్ ఐఓ సైట్‌లో ఆడుకునే బిల్డ్ (నేరుగా నడిచే ఆట ఫైళ్లు): ఇదీ ఇక్కడ తీసుకున్న ఉదాహరణ. యూనిటీ అనే మరో ఇంజిన్ వాడేవాళ్లకు తేడా వచ్చిన చోట విడిగా చెప్పాం. ఆదేశాలు, ఫైల్ పేర్లు పలికినట్టే తెలుగులో రాశాం. ఆదేశాలు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి, ఫైల్, ఫోల్డర్ పేర్లు మాత్రం అసలు ఎలా ఉంటే అలాగే కొట్టండి.

మీ జామ్ ఏం అడుగుతోంది?

ముందు రూల్స్ పేజీ చదవండి, ఎందుకంటే ఒక్కో జామ్‌ది ఒక్కో దారి. 2002లో మొదలైన లూడమ్ డేర్‌లో కాంపో అనే విభాగం ఉంది. అందులో ఒక్కరే 48 గంటల్లో ఆట చేయాలి, బొమ్మలూ శబ్దాలూ ఆ గంటల్లోనే తయారవ్వాలి, సోర్స్ తప్పనిసరిగా ఇవ్వాలి. అదే లూడమ్ డేర్‌లో 72 గంటల జామ్ విభాగానికి టీమ్‌గా వెళ్లవచ్చు, అక్కడ సోర్స్ మీ ఇష్టం. ఏటా ఆగస్టు 13 నుంచి సెప్టెంబర్ 13 దాకా నడిచే జేఎస్13కే పోటీలో జిప్ 13,312 బైట్లు దాటకూడదు. ఆ కుదించిన జిప్‌కి తోడు, మనుషులు చదవగలిగే పేర్లతో ఉన్న సోర్స్‌ని గిట్‌హబ్‌లో వేరుగా పెట్టాలి. గ్లోబల్ గేమ్ జామ్‌లో ప్రాజెక్టు ఫైళ్లను కూడా ఆటతోపాటే, వాళ్లు చెప్పిన వాణిజ్యేతర క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద అప్‌లోడ్ చేయాలి. అంటే అక్కడ లైసెన్స్ ఎంచుకునే పని మీకు లేదు. కానీ టీమ్‌లో ఒకరు డబ్బు పెట్టి కొన్న అసెట్ ప్యాక్ (బొమ్మలు, శబ్దాల కట్ట) వాడితే, దాన్ని ఆ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు మీ ఎవరికీ ఉండదు. ఈ సంగతి మొదటి గంటలో తెలిస్తే వేరే ప్యాక్ వెతుక్కుంటారు. చివరి గంటలో తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

సోర్స్ చూపించడం వేరు, ఓపెన్ సోర్స్ చేయడం వేరు. లైసెన్స్ ఫైల్ లేని పబ్లిక్ రెపోలో అన్ని హక్కులూ మీవే. ఎదుటివాళ్లు చూడవచ్చు, గిట్‌హబ్‌లోనే ఫోర్క్ (తమ ఖాతాలోకి నకలు) చేసుకోవచ్చు, అంతకు మించి చట్టప్రకారం ఏమీ చేయలేరు. సోర్స్ చూపించమని మాత్రమే జామ్ అడిగితే అది కూడా సరిపోతుంది.

మొదటి గంటలోనే రెపో

గోడోలో కొత్త ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు వెర్షన్ కంట్రోల్ అన్న చోట గిట్ ఎంచుకుంటే, గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా), గిట్ఆట్రిబ్యూట్స్ ఫైళ్లను అదే తయారుచేస్తుంది. గిట్‌హబ్‌లో రెపోను ముందు ప్రైవేట్‌గా తెరవండి. మొదటి కమిట్‌కి (మార్పులను గిట్ చరిత్రలో నమోదు చేయడానికి) ముందు రెండు పనులు చేయాలి.

ఒకటి ఈమెయిల్. ప్రతి కమిట్‌లోనూ మీ మెయిల్ అడ్రస్ అచ్చవుతుంది, రెపో పబ్లిక్ కాగానే అది అందరికీ కనిపిస్తుంది. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్‌ని దాచే ఆప్షన్ ఆన్ చేసి, అక్కడ ఇచ్చే నోరిప్లై అడ్రస్‌ని మీ మెషీన్‌లో గిట్ కాన్ఫిగ్‌కి ఇవ్వండి. తర్వాత మార్చుకుంటే కొత్త కమిట్‌లకే వర్తిస్తుంది, పాతవాటిలో అసలు అడ్రస్ అలాగే ఉండిపోతుంది.

రెండోది, ఏది వెళ్లాలి, ఏది వెళ్లకూడదు అన్నది. గోడో 4లో డాట్ గోడో అనే ఫోల్డర్ వెళ్లకూడదు. అది ఇంజిన్ తన కోసం కట్టుకున్న క్యాష్, అవతలి మెషీన్‌లో మళ్లీ తనే కట్టుకుంటుంది. కానీ ప్రతి బొమ్మ పక్కనా కనిపించే డాట్ ఇంపోర్ట్ ఫైళ్లు తప్పక వెళ్లాలి. గోడో 3లో డాట్ ఇంపోర్ట్ అన్న పేరుతోనే క్యాష్ ఫోల్డర్ ఉండేది, దాన్ని ఇగ్నోర్ చేయమని పాత వీడియోలు చెబుతాయి. అది విని ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లన్నిటినీ ఇగ్నోర్ చేస్తే, అవతలివాళ్ల దగ్గర లూప్ అవ్వాల్సిన పాట ఒకసారి మోగి ఆగిపోతుంది. ఆ సెట్టింగులు ఉండేది ఆ చిన్న ఫైళ్లలోనే మరి. 4.4 నుంచి స్క్రిప్టుల పక్కన డాట్ యూఐడీ ఫైళ్లు కూడా వస్తాయి, వాటినీ కమిట్ చేయాలి.

యూనిటీలో అసెట్స్, ప్యాకేజెస్, ప్రాజెక్ట్‌సెట్టింగ్స్ అనే మూడు ఫోల్డర్లే వెళ్లాలి. లైబ్రరీ, టెంప్, లాగ్స్, యూజర్‌సెట్టింగ్స్ వద్దు; చిన్న ఆటకి కూడా ఒక్క లైబ్రరీయే గిగాబైట్లకు పెరుగుతుంది. మెటా ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా వదలకండి. అవి పోతే సీన్‌లో ఏ బొమ్మ ఎక్కడ తగిలించారో యూనిటీకి తెలియక అంతా ఊడిపోతుంది.

ఇగ్నోర్ లిస్టులో పేరు రాసినా ఫోల్డర్ ఇంకా వెళ్తూనే ఉందా? అంతకుముందే కమిట్ అయిపోయి ఉంటుంది. గిట్ ఆర్‌ఎమ్, హైఫన్ ఆర్, రెండు హైఫన్లు క్యాష్డ్, ఆపైన ఫోల్డర్ పేరు కొట్టి కమిట్ చేయండి. మీ డిస్క్‌లో ఫోల్డర్ అలాగే ఉంటుంది, గిట్ మాత్రం దాన్ని వదిలేస్తుంది.

ఫైల్ ఫైల్‌కీ లెక్క

క్రెడిట్స్ అని ఒక టెక్స్ట్ ఫైల్ తెరిచి, బయటి ఫైల్ ప్రాజెక్ట్‌లోకి వచ్చిన నిమిషంలోనే దాని వివరం రాసుకోండి. మూడో రోజు కూర్చుని ఏ శబ్దం ఏ పేజీలో దొరికిందో గుర్తు చేసుకోవడం అయ్యే పని కాదు. ఒక ఎంట్రీ ఇలా ఉంటే చాలు:

ఫైల్: ఆడియో ఫోల్డర్‌లో డప్పు లూప్
అసలు శీర్షిక: పేజీలో ఉన్నది ఉన్నట్టు
చేసినవారు: ఆ సైట్‌లో వాళ్ల యూజర్ పేరు
లింక్: ఆ శబ్దం పేజీ అడ్రస్, సైట్ హోమ్ పేజీది కాదు
లైసెన్స్: సీసీ బై 4.0
మార్పు: మొదటి 2 సెకన్లు కత్తిరించాం, వేగం పెంచి 12 సెకన్ల లూప్ చేశాం

చివరి వరసను చాలామంది మరిచిపోతారు. సీసీ బై అంటే చేసినవారి పేరు చెప్పి వాడుకోమనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్; మార్చినట్టు చెప్పడం కూడా దాని షరతుల్లో ఒకటి.

ఇప్పుడు ఎక్కడ దొరికినవి పంచవచ్చో చూద్దాం. కెన్నీ సైట్‌లోని అసెట్లు సీసీ0 కింద (పేరు కూడా చెప్పక్కర్లేకుండా) ఉంటాయి, వాటిని నిశ్చింతగా రెపోలో పెట్టేయవచ్చు. ఓపెన్‌గేమ్‌ఆర్ట్‌లో సీసీ0, సీసీ బై, సీసీ బై ఎస్‌ఏ (మార్చినదాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి), జీపీఎల్ కలగలిసి ఉంటాయి, పేజీ పేజీకీ చూసుకోవాలి. ఫ్రీసౌండ్‌లో సీసీ0, సీసీ బైతో పాటు వాణిజ్యానికి పనికిరాని బై ఎన్‌సీ కూడా ఉంది. జామ్ తర్వాత ఆటను అమ్మే ఆలోచన ఏ మూలన ఉన్నా ఎన్‌సీ ఫైల్‌ని ముట్టకండి. ఇచ్‌లో ఉచితమని పెట్టిన ప్యాకుల్లో చాలావాటి కింద 'మీ ఆటలో వాడుకోండి, ప్యాక్‌ని తిరిగి పంచకండి' అని ఉంటుంది. అది ఆటకి సరిపోతుంది, పబ్లిక్ రెపోకి సరిపోదు. యూనిటీ అసెట్ స్టోర్‌లో తీసుకున్నవీ అంతే. డబ్బు పెట్టి కొన్నా, ఉచితంగా వచ్చినా, మామూలు స్టోర్ లైసెన్స్ కింద విడి ఫైళ్లను ఊరికి పంచే హక్కు రాదు.

అలాంటి ఫైల్ ఆటలో ఉంటే ఆటను మార్చాల్సిన పని లేదు. దాన్ని 'నాన్‌ఫ్రీ' అన్న ఫోల్డర్‌లోకి జరిపి, ఆ ఫోల్డర్‌ని ఇగ్నోర్ చేసి, అవే పేర్లతో, అవే కొలతలతో సాదా రంగు చతురస్రాలు చేసి 'ప్లేస్‌హోల్డర్' ఫోల్డర్‌లో పెట్టండి. 16 బై 16 టైల్‌కి 16 బై 16 చతురస్రమే ఉండాలి, లేకపోతే టైల్‌మ్యాప్ చెదిరిపోతుంది. ఏ ప్యాక్ ఎక్కడ దొరుకుతుందో, ఏ ఫోల్డర్‌లో విప్పాలో రీడ్‌మీలో (రెపో పరిచయ ఫైల్‌లో) రెండు వరసలు రాయండి.

తెలుగు ఆటలకు ఫాంట్ దగ్గర ఎక్కువగా దెబ్బ తగులుతుంది. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల యూఐ మీ కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన రెపోలో పెట్టడానికి కుదరదు. డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చినవాటి సంగతి సరేసరి. మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న, నోటో శాన్స్ తెలుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసినప్పుడు ఫాంట్‌తో పాటు ఓఎఫ్‌ఎల్ టెక్స్ట్ ఫైల్ వస్తుంది. రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో ఉంచితే పని అయిపోయినట్టే.

పాటల విషయంలో ఒక అపోహ ఉంది: పాత కృతి కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చని. త్యాగరాజు 1847లో కన్నుమూశారు, ఆయన కృతి మీద కాపీరైట్ లేదు. మీరే వీణ మీద వాయించి రికార్డ్ చేస్తే అది మీది. కానీ ఎవరో పాడిన రికార్డింగ్ మీద వేరే హక్కు ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కి అది విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు, బొమ్మలకూ రచనలకూ రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. బాపు 2014లో పోయారు. ఆయన గీతను స్కాన్ చేసి స్ప్రైట్‌గా (ఆటలో వాడే బొమ్మగా) మార్చి రెపోలో పెట్టడం ఇప్పట్లో కుదిరే పని కాదు. సినిమా బీజీఎం ముక్క సంగతి వేరే చెప్పక్కర్లేదు, పది సెకన్లే కదా అన్న వాదన నిలబడదు. శబ్దాలు కావాలంటే ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ ఉంది: 2007 డిసెంబర్‌లో లూడమ్ డేర్ 10 కోసమే పుట్టిన బుల్లి పనిముట్టు. దూకుడు, నాణెం, పేలుడు లాంటి శబ్దాలు బటన్ నొక్కితే వస్తాయి, ఎవరి లైసెన్సూ అడగక్కర్లేదు.

కోడ్‌కీ ఇదే లెక్క. స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి అతికించిన ముక్క సీసీ బై ఎస్‌ఏ కింద ఉంటుంది, కనీసం ఆ ఫంక్షన్ పైన లింక్ పెట్టండి. షేడర్ (తెర మీద రంగులు, వెలుగు గీసే చిన్న కోడ్) సైట్లలో ఒక్కో షేడర్‌కి ఒక్కో లైసెన్స్. జీపీఎల్ కోడ్ కలిపితే మీ కోడ్ కూడా జీపీఎల్ కిందే ఇవ్వాల్సి వస్తుంది, ఎంఐటీ (నోటీసు ఉంచి ఎలాగైనా వాడుకోమనే లైసెన్స్) అని రాసుకోవడానికి వీలుండదు.

టీమ్‌లో ఎవరు చేసింది వాళ్లది. నోటి మాట కాకుండా వాట్సాప్‌లో ఒక్క వరసైనా రాబట్టండి: 'అన్నా, నీ మూడు ట్రాకులూ సీసీ బై 4.0 కింద గిట్‌హబ్‌లో పెడుతున్నా, క్రెడిట్‌లో నీ పేరు ఎలా రాయమంటావ్?' 'పెట్టేయ్ తమ్ముడూ, ఇంటిపేరు వద్దు' అన్న జవాబు వస్తే చాలు, స్క్రీన్‌షాట్ దాచుకోండి.

మీ సొంత పనికి ఏ లైసెన్స్?

కోడ్‌కి ఎంఐటీ, బొమ్మలకూ పాటలకూ సీసీ బై 4.0. జామ్ ఆటకి ఈ జోడీయే మా సలహా. పేరు కూడా అక్కర్లేదనుకుంటే అసెట్లకు సీసీ0. కోడ్‌కి సీసీ బై పెట్టకండి. సాఫ్ట్‌వేర్‌కి తమ లైసెన్సులు వాడవద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు. ఇక ఎన్‌సీ జోలికి వెళ్లే ముందు ఆలోచించండి: ఎన్‌సీ బొమ్మను ఇంకో జామ్ వాళ్లు వాడుకోవాలంటే భయపడతారు, పంచిన ఉద్దేశమే దెబ్బతింటుంది. కథ, ముఖ్య పాత్ర మీకే ఉండాలనుకుంటే ఆ ఫోల్డర్ ఒక్కదానికే 'అన్ని హక్కులూ మావి' అని రాసుకోండి, మిగతాది వదిలేయండి.

రెపో మొదట్లో లైసెన్స్ అన్న ఫైల్‌లో ఎంఐటీ పాఠం పూర్తిగా ఉండాలి, పైన సంవత్సరం, పేరు నింపాలి. దాన్ని చూసి గిట్‌హబ్ రెపో మొత్తం ఎంఐటీ అని పక్కన చూపిస్తుంది. బొమ్మలకు అది వర్తించదు కాబట్టి ఆర్ట్, ఆడియో ఫోల్డర్లలో విడిగా లైసెన్స్ ఫైళ్లు పెట్టి, రీడ్‌మీలో ఈ ముక్క చేర్చండి: 'కోడ్: ఎంఐటీ. ఆర్ట్ ఫోల్డర్: సీసీ బై 4.0. ఆడియో, ఫాంట్స్, థర్డ్‌పార్టీ ఫోల్డర్లు: క్రెడిట్స్ ఫైల్‌లో ఉన్నట్టు.'

రీడ్‌మీ పొడవు అవసరం లేదు. ఆట ఒక వాక్యంలో, ఏ జామ్‌కి, ఏ థీమ్‌కి చేశారు, ఇంజిన్ ఖచ్చితమైన వెర్షన్, తెరిచే విధానం, మీటలు, ఇచ్ లింక్, తెలిసిన బగ్గులు. వెర్షన్‌ని 4 అని వదిలేయకుండా 4.3 లేదా 4.4.1 అని రాయండి. కొత్త వెర్షన్‌తో తెరిస్తే ప్రాజెక్ట్ మారిపోతుంది, దాన్ని మళ్లీ పాతదానిలో తెరిస్తే సరిగ్గా నడుస్తుందన్న హామీ లేదు.

బరువైన ఫైళ్లు

గిట్‌హబ్ 50 ఎంబీ దాటిన ఫైల్‌కి హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే పుష్‌నే (కమిట్లను గిట్‌హబ్‌కి పంపడాన్నే) ఆపేస్తుంది. అప్పుడు అందరూ చేసేది ఆ ఫైల్‌ని తొలగించి ఇంకో కమిట్ చేయడం. అయినా పుష్ ఆగుతుంది, ఎందుకంటే వెనకటి కమిట్‌లో ఆ ఫైల్ ఇంకా ఉంది. గిట్ రీసెట్, రెండు హైఫన్లు సాఫ్ట్, ఆరిజిన్ స్లాష్ మెయిన్ అని కొట్టండి. పుష్ కాని కమిట్లు విడిపోతాయి, మీ పని ఎక్కడికీ పోదు. ఆ ఫైల్‌ని పైన చెప్పిన క్యాష్డ్ ఆదేశంతో తప్పించి, ఇగ్నోర్ చేసి, ఒకే కమిట్‌గా మళ్లీ పుష్ చేయండి.

ఎక్కువగా బరువు పెంచేది వేవ్ ఫైల్. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అంటే సెకనుకి 1,76,400 బైట్లు, నిమిషానికి దాదాపు 10 ఎంబీ. అదే పాట 128 కేబీపీఎస్ ఓజీజీలో నిమిషానికి ఒక ఎంబీ లోపే. రెపోలో ఓజీజీ పెట్టి, వేవ్‌లనూ, బొమ్మలు చేసిన పెద్ద క్రిటా, బ్లెండర్ ఫైళ్లనూ జిప్ చేసి గిట్‌హబ్ రిలీజ్‌కి తగిలించండి; అక్కడ ఒక్కో ఫైల్ 2 జీబీ లోపు ఉండవచ్చు. ఎల్ఎఫ్ఎస్ అనే దారి (పెద్ద ఫైళ్లను వేరే చోట దాచే గిట్ పద్ధతి) కూడా ఉంది కానీ జామ్‌కి వద్దంటాం. రెపోను జిప్‌గా దించుకునేవాళ్లకు మామూలుగా అసలు బొమ్మ రాదు, నూట ముప్పై బైట్ల చీటీ ముక్క వస్తుంది, వాళ్లు మీ రెపో పాడైందనుకుంటారు.

బొమ్మల మూల ఫైళ్లు రెపోలోనే ఉండాలంటే 'సోర్స్‌ఆర్ట్' ఫోల్డర్ చేసి, అందులో డాట్ జీడీఇగ్నోర్ అనే ఖాళీ ఫైల్ పెట్టండి. గోడో ఇక ఆ ఫోల్డర్ వైపు చూడదు. లేకపోతే గోడో 4 బ్లెండర్ ఫైల్‌ని నేరుగా ఇంపోర్ట్ చేయబోతుంది, బ్లెండర్ లేని మెషీన్‌లో ఎర్ర ఎర్రర్లు వరస కడతాయి. యూనిటీలో ఫోల్డర్ పేరు చివర టిల్డా గుర్తు పెడితే అదే ఫలితం.

రహస్యాలూ, పాత కమిట్లూ

ప్రైవేట్ రెపోను పబ్లిక్ చేస్తే మొదటి కమిట్ నుంచీ మొత్తం చరిత్ర బయటపడుతుంది. లీడర్‌బోర్డ్ సర్వీస్ కీ, టోకెన్, ఆండ్రాయిడ్ కీస్టోర్ (యాప్ మీద సంతకం చేసే కీ ఫైల్), టీమ్‌లో ఎవరి ఫోన్ నంబరో ఉన్న నోట్స్ ఫైల్, ఇవన్నీ వెతకండి. గోడో 4.1 నుంచి కీస్టోర్ పాస్‌వర్డులు డాట్ గోడో ఫోల్డర్‌లోకి మారాయి. అంతకు ముందు వెర్షన్లలో ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్స్ ఫైల్‌లోనే ఉండేవి, ఆ ఫైల్‌ని తెరిచి చూడకుండా పెట్టకండి. 'సీ కోలన్ యూజర్స్' అని వెతికితే మీ పేరుతో ఉన్న పాత్‌లు కూడా బయటపడతాయి. అవి ఎలాగూ అవతలి మెషీన్‌లో పనిచేయవు.

కీ ఒకసారి కమిట్ అయిందంటే ముందు ఆ సర్వీస్‌లో దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి, శుభ్రం చేయడం తర్వాత. జామ్ రెపోని శుభ్రం చేయడానికి తేలిక దారి: ఫోల్డర్ మొత్తం కాపీ తీసి భద్రపరచి, అసలు దాంట్లో దాగి ఉన్న డాట్ గిట్ ఫోల్డర్‌ని తొలగించి, గిట్ ఇనిట్‌తో ఒకే కమిట్‌గా కొత్త రెపోలోకి పంపండి. చరిత్ర పోతుంది, అంతే. కానీ 48 గంటల్లోనే చేశారనడానికి కమిట్ల వరస మంచి సాక్ష్యం కాబట్టి, దాచాల్సింది ఏమీ లేకపోతే చరిత్రను అలాగే ఉంచండి.

కొత్త ఫోల్డర్‌లో క్లోన్ చేసి చూడండి

గడువుకు రెండు గంటల ముందు ఈ పరీక్ష పెట్టుకోండి. వేరే ఫోల్డర్‌లోకి రెపోను క్లోన్ చేయండి (గిట్‌హబ్ నుంచి పూర్తి నకలు దించుకోండి), కుదిరితే లినక్స్ ఉన్న మిత్రుడి మెషీన్‌లో. గోడోలో తెరిచి, ఇంపోర్ట్ అయ్యాక, మొదటి సీన్ నుంచి చివరి సీన్ దాకా ఆడండి.

ఎక్కువగా దొరికే తప్పు అక్షరాల కేసు. డిస్క్‌లో ఫైల్ పేరు పెద్ద పీతో 'ప్లేయర్', కోడ్‌లో చిన్న పీ. విండోస్ పట్టించుకోదు, ఎడిటర్‌లో ఆట చక్కగా నడుస్తుంది. లినక్స్‌లోనూ, ఎక్స్‌పోర్ట్ చేసిన బిల్డ్‌లోనూ ఆ ఫైల్ దొరకదు. సరిచేసేటప్పుడు గిట్ ఎంవీ ఆదేశంతో పేరు మార్చండి. ఎక్స్‌ప్లోరర్‌లో కేసు మాత్రమే మారిస్తే విండోస్‌లో గిట్‌కి ఆ మార్పు తెలియకుండానే పోతుంది. తర్వాతి తప్పు, ప్లగిన్ మీ దగ్గర ఉండి రెపోలో లేకపోవడం. ఆడన్స్ ఫోల్డర్‌ని దాని లైసెన్స్ ఫైల్‌తో సహా కమిట్ చేయండి.

పబ్లిక్ చేసే రోజు

ఇచ్‌కి పంపిన బిల్డ్ ఏ కమిట్ నుంచి వచ్చిందో సరిగ్గా దాని మీదే 'జామ్' అని ట్యాగ్ వేసి, గిట్‌హబ్‌లో రిలీజ్ చేయండి. సోర్స్ జిప్‌ని గిట్‌హబే తగిలిస్తుంది. జామ్ ఫారంలో ఈ రిలీజ్ లింకే ఇవ్వండి, మెయిన్ బ్రాంచ్ లింక్ ఇవ్వకండి. ఓటింగ్ నడుస్తుండగా మీరు బగ్గులు దిద్దుతారు, మెయిన్ మారిపోతుంది. జనం ఆడిన ఆటా చూసిన కోడూ ఒకటి కాదన్న మాట రాకూడదు. దిద్దుబాట్లు వేరే బ్రాంచ్‌లో సాగనివ్వండి.

గోడో ఎంఐటీ నోటీసు, క్రెడిట్స్ ఆటలోనో ఇచ్ పేజీలోనో ఉండాలి, ఎందుకంటే బిల్డ్‌లో ఇంజిన్ కూడా వెళ్తోంది. సోర్స్ రెపోలో ఇంజిన్ లేదు కాబట్టి అక్కడ ఆ నోటీసు అవసరం లేదు.

గిట్ రానివాళ్లు సోర్స్‌ని జిప్‌గా ఇచ్ పేజీకే అప్‌లోడ్ చేయవచ్చు. డాట్ గోడో ఫోల్డర్ తీసేసి జిప్ చేయండి, ఫైల్ పేరులో 'సోర్స్' అని ఉంచండి, పక్కన విండోస్, లినక్స్ టిక్కులు ఏవీ పెట్టకండి. టిక్ పెడితే ఇచ్ యాప్ దాన్ని ఆట అనుకుని ఇన్‌స్టాల్ చేస్తుంది.

లింక్ ఇచ్చాక బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి దాన్ని నొక్కండి. మీరు లాగిన్ అయి ఉన్నారు కాబట్టి ప్రైవేట్ రెపో కూడా మీకు మామూలుగానే కనిపిస్తుంది, మిగతావాళ్లకు మాత్రం 404 వస్తుంది. సబ్మిట్ చేసి పడుకున్నాక పొద్దున్నే 'సోర్స్ ఎక్కడ?' అన్న కామెంట్ కనిపించడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఆట మీద ఇక పని చేయరని తేలాక రెపోను గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ చేయండి. చదవడానికీ ఫోర్క్‌కీ తెరిచే ఉంటుంది, మీకు మాత్రం జవాబు చెప్పాల్సిన ఇష్యూలు రావు.